ఒకటో తరగతి గదిలో ఎవరున్నారు?

(మార్లవాయిలో, హైమన్‌డార్ఫ్ దంపతుల స్మృతిలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



స్మారక సభలో పోయినవారి గొప్పతనం చెప్పడం ఆనవాయితీ. ఈ ఊళ్లో ఆ పని నాకంటే బాగా చేయగల పెద్దలు ఇక్కడే కూర్చుని ఉన్నారు. అందుకని మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ గురించి, ఆయన భార్య బెట్టీ గురించి కొద్దిగా చెప్పి, వాళ్లు ఇక్కడ మొదలుపెడితే మనం మధ్యలో వదిలేసిన ఒక పని మీదకు వస్తాను.

1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమురం భీమ్, ఆయన సహచరులు నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొమ్మని ఆ తర్వాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను ఈ కొండల్లోకి పంపింది. ఆయన పుట్టింది ఆస్ట్రియాలో. ప్రపంచ యుద్ధం నడుస్తోంది, ఆయనది శత్రుదేశపు పాస్‌పోర్టు. అందుకని బ్రిటిష్‌వారు ఆయన్ను హైదరాబాద్ సంస్థానం ఎల్లలు దాటనివ్వలేదు. ఆ నిర్బంధం ఆదిలాబాద్‌కు కలిసొచ్చింది. భార్యాభర్తలిద్దరూ మార్లవాయిలో గుడిసెలో ఉన్నారు, గోండీ నేర్చుకున్నారు, జనం చెప్పింది విన్నారు. ఆయన తేల్చిన కారణం భూమి. గోండులు తాతల నాటి నుంచి దున్నుకున్న నేలకు కాగితం లేదు, అడవి రిజర్వు అయింది, మిగిలింది షావుకార్ల చేతికి పోయింది. పట్టాలివ్వాలని గట్టిగా చెప్పారు. ఆ పనికి జతగానే బడి కావాలన్నారు. బడిని ఆయన భూమి నుంచి విడదీసి ఎప్పుడూ చూడలేదు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఆయన బడి పని మొదలుపెట్టిన క్రమం చూడండి. 1943లో మార్లవాయిలో వచ్చింది ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం. అక్షరం వచ్చిన గోండు యువకులు అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్లనే పిలిచి, పంతుళ్లుగా తయారుచేసి, ఆ తర్వాత వాళ్ల ఊళ్లలో బళ్లు తెరిపించారు. గోండీలోనే వాచకాలు రాయించి దేవనాగరి లిపిలో అచ్చువేయించారు. నిజాం కొలువులో ఉన్న సేతుమాధవరావు పగడీ వంటి అధికారులు స్వయంగా గోండీ, కొలామీ నేర్చుకుని వ్యాకరణాలు రాశారు. రోడ్డు లేదు, కరెంటు లేదు, మధ్యాహ్న భోజనం లేదు, స్కాలర్‌షిప్పు లేదు. పిల్లలతో వాళ్ల ఇంటి మాట మాట్లాడే మనిషి మాత్రం తరగతి గదిలో ఉన్నాడు.

దేశంలో ఇంకెక్కడా అంతగా ఆలోచించి వేయని అడుగు అది. రాష్ట్రాలు మారాయి, పాలనా భాషలు మారాయి, ఆ తర్వాతి దశాబ్దాల్లో గోండీ బోధన నిలిచిపోయింది. దశాబ్దాల తర్వాత తిరిగి ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన ఈ మార్పు చూసి బాధపడ్డారు. 1982లో అచ్చయిన తన పుస్తకంలో గిరిజనుల బతుకు పోరాటం గురించి రాస్తూ చదువు సంగతీ రాశారు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆదివాసీ పిల్లలు బడికి ఎందుకు రావడం లేదు, వచ్చినవాళ్లు ఎందుకు నిలవడం లేదు అని మనం డెబ్బై ఏళ్లుగా పిల్లల వైపు, తల్లిదండ్రుల వైపు తిరిగి అడుగుతున్నాం. అడగవలసింది తరగతి గదిలో ఎవరున్నారని. అక్కడ ఆ పిల్లల మాట, ఆ పిల్లల ఇల్లు తెలిసిన పెద్దమనిషి ఉంటే హాజరు నిలుస్తుంది. లేకపోతే ఏ పథకం తెచ్చినా కొన్నాళ్ల ముచ్చటే.

గదిలో ఎవరున్నారన్నది హాజరు పట్టికలోకి ఎక్కదు. ఒక ఉదాహరణ చెబుతాను. కొలాంగూడలో ఆరేళ్ల పాప బడిలో చేరింది. ఇంట్లో కొలామీ, వీధిలో కొంచెం గోండీ, సంతలో మరాఠీ కలిసిన తెలుగు చెవిన పడతాయి. అంటే ఆ పాపకు మూడు భాషల ఊసు తెలుసు. మైదాన ప్రాంతపు ఊళ్లలో ఆ వయసు పిల్లలకు అంత ఉండదు. బడిలో వినిపించేది మాత్రం ఆ మూడింటికీ చెందని పాఠ్యపుస్తకపు తెలుగు. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. పాప భాష రెండు పేజీల్లోనూ లేదు. టీచరు అడిగింది అర్థం కాదు, చెప్పాలనుకున్నది చెప్పలేదు. వారం మౌనంగా కూర్చుంటుంది. రెండో వారం అమ్మ వెంట చేనుకు పోతుంది. రిజిస్టర్‌లో పేరు మాత్రం చెక్కుచెదరదు. పోస్టు నిలవాలన్నా, బియ్యం రావాలన్నా ఆ పేరు ఉండాలి. ఐదో తరగతి దాటేసరికి ఆ పాప కూడబలుక్కుని కూడా చదవలేదు. అప్పుడు మనం ‘తల్లిదండ్రులకు చదువు మీద శ్రద్ధ లేదు’ అని నివేదిక రాస్తాం.

ఈ తల్లిదండ్రుల మీద ఆ నింద వేయడానికి నాకు నోరు రాదు. వానాకాలంలో వాగు దాటించి పిల్లల్ని బడికి తెచ్చే తండ్రుల్ని మీరంతా చూశారు. విద్యాహక్కు చట్టం కిలోమీటరు లోపల ప్రాథమిక పాఠశాల ఉండాలంటుంది. ఆ కిలోమీటరులో వాగు ఉందో లేదో పటంలో కొలిచేవారికి కనిపించదు. ఇక ఇంగ్లీషు మీడియం కావాలని గూడేల్లోనూ అడుగుతున్నారు. అది తప్పని నేననను. ఇంగ్లీషు వచ్చినవాడే ఉద్యోగం పొందుతున్నాడని వాళ్లు కళ్లారా చూస్తున్నారు. ఇంటి భాషలో చదవడం, రాయడం కుదురుకున్న పిల్లలు తెలుగుకు, ఇంగ్లీషుకు తొందరగా వెళ్తారని వాళ్లకు ఎవరూ కూర్చుని చెప్పలేదు. చెప్పవలసింది మనం.

ఇంటి భాషలో చదువు చెప్పకపోవడం మనకు చేతకాక జరిగింది కాదు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది: గోండీ, కొలామీ, కోయ, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒడియా, లంబాడీ. పుస్తకాలు తెలుగు లిపిలో వచ్చాయి. ఊరి కథలు, అడవి పేర్లు, పండుగలు పాఠాల్లోకి ఎక్కాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్లలో గూడేల నుంచి వచ్చిన ఉపాధ్యాయులే ఎక్కువ. నేను ఆ తరగతులు కొన్ని చూశాను. పిల్లలు పోటీపడి మాట్లాడేవారు. గదిలో గోల ఉండేది, వినడానికి ఎంతో హాయైన గోల. తర్వాత ఏమైంది? భాష తెలిసిన టీచరుకు బదిలీ అయింది, తెలియని టీచరు వచ్చారు.  పై తరగతుల్లో ఈ చదువు ఎలా కలుస్తుందో ఎవరూ ఆలోచించలేదు. కార్యక్రమం ఒక ‘ప్రాజెక్టు’గానే మిగిలి చాలాచోట్ల కరిగిపోయింది. 1956లోనే రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేర్చి ప్రాథమిక దశలో మాతృభాషా బోధన ఏర్పాటు రాష్ట్రాల బాధ్యత అన్నాం. దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత మొదలుపెట్టి, దాన్నీ గట్టిగా నిలబెట్టలేకపోయాం.

పక్కనే ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలం గుంజాలలో గోండీ లిపిలో రాసిన పాత రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు, ఆయనతో పనిచేసినవారు వాటిని లోకానికి చూపారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. ఊళ్లో పిల్లలు ఇప్పుడు ఫోన్‌లో ఆ అక్షరాలు చూడగలరు. చాలా బళ్లలో పలక మీద చూడలేరు.

ఇప్పుడు ఆశ్రమ పాఠశాలల సంగతి. దూరం అనే సమస్యకు మన ప్రభుత్వాలు ఇచ్చిన జవాబు వసతి. ఆ జవాబులో మేలు ఉంది, నేను కాదనను. ఇక్కడున్న ఉపాధ్యాయుల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల అన్నం తిని పైకి వచ్చినవాళ్లే. అయితే చాలాచోట్ల మూడో తరగతికే పిల్లలు ఇల్లు వదలాల్సి వస్తోంది. ఎనిమిదేళ్ల పిల్లవాడు ట్రంకు పెట్టె మోసుకుని, మాట తెలియని వార్డెన్ దగ్గర, ముప్పై నలభై మందితో ఒక హాల్లో పడుకోవాలి. జ్వరం వస్తే ఎవరికి చెప్పుకుంటాడు? ఏ మాటలో చెప్పుకుంటాడు?

వానలు మొదలైతే మలేరియా, కామెర్లు, విరేచనాలు. 2024లో ఇదే ఆసిఫాబాద్ జిల్లాలో ఒక ఆశ్రమ పాఠశాలలో భోజనం వికటించి ఆడపిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు వారాల తరబడి చికిత్స పొంది హైదరాబాద్‌లో ప్రాణం విడిచింది. అలాంటి కబురు ఒక్కటి చాలు. చుట్టుపక్కల గూడేల తండ్రులు మరునాడే వచ్చి పిల్లల్ని తీసుకుపోతారు. నేనైనా అదే చేస్తాను. దాన్ని ‘గైర్హాజరు’ అని రాయడం అన్యాయం. ప్రతి ఆశ్రమ పాఠశాలలో రాత్రిపూట కూడా ఉండే నర్సు (ఏఎన్‌ఎం) కావాలని ఏజెన్సీలో ఏళ్ల తరబడి అడుగుతున్నారు. అడిగి అడిగి నోరు నొప్పిపుట్టిన డిమాండ్ అది. చదువు నిలబెట్టే ఖర్చుల్లో అన్నిటికన్నా ముందు పెట్టవలసింది కూడా అదే.

సెలవుల సంగతి మీకు తెలిసినంత నాకు తెలియదు, అయినా చెబుతాను, ఎందుకంటే హైదరాబాద్‌లో తేదీలు వేసేవారికి ఇది అర్థం కావాలి. దసరా సెలవులకు హాస్టల్ మూస్తారు, పిల్లలు ఇళ్లకు చేరతారు. హాస్టల్ తెరిచేనాటికి దండారీ దగ్గరపడుతుంది. గుస్సాడీ నర్తకుల తలల మీదకు నెమలి పింఛాల టోపీ ఎక్కబోతుంటే ఏ పిల్లవాడు పెట్టె సర్దుకుని వెళ్తాడు? వెళ్లకపోవడం తప్పూ కాదు. ఊరు మొత్తం ఒక్కటై ఆడే పండుగ అది. దీపావళితో దండారీ ముగిసేసరికి పత్తి పగిలి ఉంటుంది. ఏరే చేతులు కావాలి, కూలి మనిషిని పెట్టుకునే స్తోమత లేదు. పత్తి అయ్యేసరికి సంక్రాంతి. సంక్రాంతి తర్వాత పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. ఈ వరసలో ఎక్కడో ఒకచోట పిల్లవాడు బడి నుంచి జారిపోతాడు. ఫిబ్రవరిలో తిరిగి వస్తే పాఠాలు ఎక్కడికో పోయి ఉంటాయి. సిగ్గుతో మళ్లీ వెళ్లిపోతాడు. భద్రాచలం వైపు కోయ పల్లెల్లో ఇదే కథ మిర్చి కోతలతో నడుస్తుంది. ఆ తర్వాత ఇప్పపువ్వు, తునికాకు. దసరా సెలవుల్లోంచి కొన్ని రోజులు తీసి దండారీకి ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త నిధులు అక్కర్లేదు. ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారి, జిల్లా కలెక్టరు, గోండుల సంప్రదాయ పంచాయతీ అయిన రాయి సెంటర్ పెద్దలు ఒక పూట కూర్చుంటే చాలు. పండుగ అయిన మరునాడు ఊరి టీచరు పిల్లల్ని వెంటబెట్టుకుని హాస్టల్ దాకా వెళ్లగలిగితే, ఆ పిల్లల్లో ఎక్కువమంది బడి మాని వెనక్కి రారు. ఇలా చేసే ప్రధానోపాధ్యాయులు నాకు తెలుసు. సొంత డబ్బుతో ఆటో మాట్లాడుకుని గూడగూడకూ తిరుగుతారు. వాళ్ల పేర్లు ఏ అవార్డు జాబితాలోనూ ఉండవు.

అయితే ఊరి టీచరు ఎక్కడున్నారు? ఇక్కడ జీవో నంబరు 3 గురించి చెప్పక తప్పదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో బయటి నుంచి వచ్చిన టీచర్లు నెలల తరబడి బడికి రావడం లేదన్న ఫిర్యాదుల నుంచి పుట్టిన ఉత్తర్వు అది. 1986లో ఒకసారి ఇలాంటి ప్రయత్నం జరిగి కోర్టుల్లో చిక్కుకుంది. 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 ప్రకారం ఏజెన్సీ పాఠశాలల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. ఇరవై ఏళ్లలో వేలమంది ఆదివాసీ యువతీయువకులు టీచర్లయ్యారు. మూసి ఉండే బళ్లు తెరుచుకున్నాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని ఆ ఉత్తర్వు కొట్టివేసింది. అప్పటికి జరిగిన నియామకాలను మాత్రం కదపలేదు. లాక్‌డౌన్ రోజులు కావడంతో ఆ తీర్పు మైదాన ప్రాంతాల్లో పెద్దగా వార్త కాలేదు. ఏజెన్సీలో అది డీఎడ్, బీఎడ్ చదివిన ఒక తరం పిల్లల ఆశ మీద పడ్డ దెబ్బ.

తీర్పు మీద నా బాధ దాచుకోను. అయితే జీవో 3లోనూ ఒక లోటు ఉండేదని చెప్పాలి. స్థానిక గిరిజనుడు అన్న నిర్వచనంలో భాష లేదు. కొలాంగూడకు కొలామీ రాని టీచరు రావచ్చు, చెంచుపెంటకు చెంచుల బతుకు తెలియని టీచరు రావచ్చు. తీర్పు వచ్చింది నూరు శాతం కోటా మీద. ఒకటి, రెండు తరగతులు చెప్పేవారికి ఆ గూడెం భాష వచ్చి ఉండాలన్న అర్హత పెట్టడం వేరే సంగతి. ఆ పని చేయడానికి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు రెండింటికీ దారి ఉంది. గోండీ, కొలామీ, కోయ, సవర, కువి భాషల్లో పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇవ్వవచ్చు. గోండీ, కొలామీలకు ఆ పరీక్ష పెట్టడానికి తగిన పండితులు మార్లవాయి, గుంజాల చుట్టుపక్కలే ఉన్నారు.

మనం వెళ్తున్న దారి మాత్రం దీనికి ఎదురు. ఏకలవ్య ఆదర్శ గురుకులాలకు 2023లో దేశమంతటికీ ఒకే పరీక్షతో నియామకాలు జరిగాయి. ఆ పరీక్షలో హిందీ పరిజ్ఞానం తప్పనిసరి చేశారు. ఫలితంగా తెలుగే రాని ఉపాధ్యాయులు మన ఏజెన్సీ పాఠశాలలకు వచ్చారు. వాళ్లూ ఎక్కడో దూరంగా కుటుంబాన్ని వదిలి వచ్చినవాళ్లే, బదిలీ కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్లను తప్పుపట్టను. గిరిజన పిల్లల కోసమే కట్టిన బడికి టీచరును ఎంచుకునేటప్పుడు పిల్లల భాష ఎవరికీ గుర్తురాలేదన్నది నా ఆవేదన. మరోవైపు ఆశ్రమ పాఠశాలల్లో పిల్లల మాట తెలిసిన సీఆర్టీలు (కాంట్రాక్టు రెసిడెన్షియల్ టీచర్లు) ఏళ్లకేళ్లు కాంట్రాక్టు మీదే ఉన్నారు. వాళ్ల జీతం సకాలంలో పడదు, సమ్మె చేస్తే పాఠం ఆగుతుంది.

ఇంతకంటే అడుగున ఉన్న పిల్లలున్నారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక అక్కడి నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయ కుటుంబాలు భద్రాద్రి, ములుగు అడవుల్లో ఉన్నాయి. ఇక్కడ వాళ్లకు కుల ధ్రువపత్రం రాదు, భూమి లేదు, అటవీ శాఖ గుడిసెలు పీకేస్తే ఊరే మారిపోతుంది. హైమన్‌డార్ఫ్ భూమినీ బడినీ కలిపి చూశారని మొదట చెప్పింది ఇందుకే. కాళ్ల కింద నేల నిలవని కుటుంబంలో పిల్లల హాజరు నిలవదు. 2024లో ములుగు జిల్లా కన్నాయిగూడెం మండలంలో అడవిలో పక్కా భవనానికి అనుమతి దొరకక, ఒక కంటైనర్‌ను బడిగా మార్చి తెరిచారు. ఇనుప గోడల బడి అని కొందరు నవ్వారు. నేను సంతోషించాను. పిల్లలున్న చోటికి బడి కదిలి వెళ్లింది. అలా వెళ్లిన బడిలో వాళ్ల కోయ మాట్లాడే మనిషి కూర్చుంటే ఇంకేం కావాలి?

డబ్బు సాయం గురించి కొద్దిగా. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో అమ్మఒడి మొదలైంది, ఏడాదికి 15 వేల రూపాయలు, 75 శాతం హాజరు నిబంధన. తల్లి చేతికి డబ్బు వెళ్లడం మంచిదే, పిల్లవాడు కూలికి పోకుండా అది కొంత ఆపింది. కానీ బడిలో టీచరు హాజరుకు అలాంటి నిబంధన ఏ తల్లీ పెట్టలేదు. ఆధార్ సరిగా లేదని, వేలిముద్ర పడలేదని కొండ మీది తల్లికే డబ్బు ఆగిపోతుండేది.

పదో తరగతి దగ్గర జరిగేది నన్ను ఎక్కువగా కలచివేస్తుంది. పదేళ్లు అన్నీ దాటుకుని వచ్చిన పిల్లవాడు గణితంలోనో ఇంగ్లీషులోనో తప్పుతాడు. సప్లిమెంటరీకి నెలా రెండు నెలల వ్యవధి. ఆ రోజుల్లో హాస్టల్ మూసి ఉంటుంది, చెప్పేవారు లేరు, ఊళ్లో తునికాకు పని. పరీక్ష రుసుము కట్టినా రాయడానికి వెళ్లడు. ఆ పిల్లవాడు ఊళ్లో తిరుగుతుంటే, వాడి తమ్ముడి చదువు మీద కూడా ఆ ఇంట్లో ఆశ పోతుంది. వేసవిలో ఆ నెలా రెండు నెలలు తప్పినవాళ్ల కోసమే హాస్టళ్లు తెరిచి ఉంచండి. ఖర్చు మెస్ చార్జీల మేరకే. ఆడపిల్లలకైతే అది చదువు, పెళ్లి మధ్య ఉన్న ఆఖరి వ్యవధి కూడా. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గిరిజనుల అక్షరాస్యత 49.2 శాతం, రాష్ట్రం మొత్తం 67 శాతం. ఆడవాళ్లలో ఆ తేడా ఇంకా ఎక్కువ.

ఇక్కడికి ఐటీడీఏ అధికారులు వచ్చారు కాబట్టి నేరుగా అడుగుతున్నాను. జూన్‌లో బడిబాట అని ఊరేగింపులు తీసి పేర్లు రాసుకుంటాం. ఈసారి బడిబాటకు ముందు మరో జాబితా రాయించండి. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, మన్ననూరు పరిధిలో ప్రతి ప్రాథమిక పాఠశాలకూ ఎదురుగా మూడు గడులు చాలు: పిల్లల ఇంటి భాష ఏది, ఒకటో తరగతి చెప్పే టీచరుకు ఆ భాష వచ్చా, రాకపోతే ఆ గూడెంలో ఇంటర్ చదివిన అమ్మాయో అబ్బాయో ఎవరున్నారు. మూడో గడిలో పేరు రాని గూడెం ఉట్నూరు ఏజెన్సీలో ఇవాళ చాలా అరుదు. ఆ పేరు గల మనిషిని రెండేళ్లకు తగ్గకుండా, నెలనెలా జీతంతో, ఒకటో తరగతి గదిలో కూర్చోబెట్టండి. వాళ్లకు శిక్షణ కేంద్రం ఎక్కడ పెట్టాలని అడిగితే, 1943లో పెట్టిన చోటు ఇదే.